కాలివేలి చివరి కణుపు చెప్పే పిక్క కబురు

ఆషాఢ పౌర్ణమి వెళ్లాక ఓ వారం పాటు విశాఖలో ఫిజియోథెరపీ చేసేవాళ్ల దగ్గరికి ఒకే రకం కాళ్లు వస్తాయి. సింహాచలం గిరిప్రదక్షిణ అంటే 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, వెంకోజీపాలెం, కంచరపాలెం, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి చేరాలి. చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. అరికాళ్లలో బొబ్బలు, మోకాళ్ల నొప్పులు అందరూ ఊహించేవే. నేను చెప్పబోయేది ఇంకో నొప్పి గురించి.

అలా వచ్చిన ఒకాయనకి యాభై ఏళ్లుంటాయి. ప్యాంటు పైకి మడిచి, చీలమండకి జానెడు పైన, కాలి లోపలి పక్కన ఎముక అంచు వెంబడి వేలితో గీత గీసినట్టు చూపించారు. "నరం పట్టేసిందండీ. పిక్క పిసికించుకుంటే హాయిగానే ఉంది, ఇక్కడ మాత్రం తగ్గట్లేదు. ఇంకో విచిత్రం, కాలివేళ్లు ముడిచినా ఇక్కడే లాగుతోంది" అన్నారు. ఆయనకి విచిత్రంగా తోచిన ఆ చివరి మాటలోనే జవాబు ఉంది. కాలివేళ్ల చివర్లను ముడిచే కండరం పాదంలో లేదు. సరిగ్గా ఆయన వేలు పెట్టి చూపించిన చోట, పిక్క లోతుల్లో ఉంది.

చేతితో పోల్చుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. కుడిచేత్తో ఎడమ ముంజేతిని పట్టుకుని ఎడమ పిడికిలి బిగించి చూడండి. అరచేతికి ఎంతో ఎగువన, మోచేతి దగ్గర కండరం ఉబ్బుతుంది. వేళ్లలోకి వచ్చేది దాని తాళ్లే. కాలిదీ అదే ఏర్పాటు. కాకపోతే కాలి వేళ్లతో మనం రాయం, బొత్తాలు పెట్టుకోం కాబట్టి ఆ కండరం ఉందన్న సంగతే గుర్తుండదు. దాని పేరు ఫ్లెక్సర్ డిజిటోరమ్ లాంగస్. లాటిన్‌లో వేళ్లను ముడిచే పొడుగు కండరం అని. ఇక్కడి నుంచి మా వాళ్లంతా పిలిచినట్టే ఎఫ్‌డీఎల్ అందాం.

పిక్క పట్టుకుంటే చేతికి తగిలేది గ్యాస్ట్రాక్‌నీమియస్. దాని కింద బల్లపరుపుగా సోలియస్. రెండూ కలిసి లావుపాటి టెండన్‌గా, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడుగా మారి మడమకి అతుక్కుంటాయి. మసాజ్ చేసే చెయ్యి ఎక్కువగా పని చేసేది ఈ రెండింటి మీదే. వాటికి లోపలగా ఇంకో గది ఉంది. ముందు గోడగా రెండు ఎముకలు, వాటి మధ్య పొర. వెనక గోడగా గట్టి పలచటి పొర. ఆ ఇరుకు గదిలో ఎఫ్‌డీఎల్‌తో పాటు టిబియాలిస్ పోస్టీరియర్, బొటనవేలిని ముడిచే ఫ్లెక్సర్ హాల్యూసిస్ లాంగస్, పైన మోకాలి వెనక చిన్నది పాప్లిటియస్ ఉంటాయి. అందులోనే వేళ్లకి వెళ్లే నరం, రక్తనాళాలు కూడా. గది గోడలు సాగవు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఎఫ్‌డీఎల్ పుట్టేది టిబియా వెనక ముఖం మీద. టిబియా అంటే కాలి ముందువైపు చర్మం కిందే చేతికి తగిలే పెద్ద ఎముక. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అంతర్జంఘిక. దాని వెనక సోలియస్ అతుక్కునే ఏటవాలు గీత కింద మొదలై, చీలమండకి ఏడెనిమిది సెంటీమీటర్ల పైవరకు ఈ కండరం ఎముకను కరుచుకుని ఉంటుంది. అక్కడి నుంచి తాడులా మారి కిందికి దిగుతుంది.

విద్యార్థులు తికమకపడేది ఇక్కడే. కాలి లోపలి పక్క, అంటే బొటనవేలి వైపున్న ఎముక మీద పుట్టిన ఎఫ్‌డీఎల్ వెళ్లేది బొటనవేలికి కాదు, మిగతా నాలుగు వేళ్లకి. బయటి పక్కన, చిటికెన వేలి వైపున్న ఫిబులా అనే సన్నటి ఎముక మీద పుట్టిన హాల్యూసిస్ లాంగస్ వెళ్లేది బొటనవేలికి. ఎవరి పక్క వేళ్లను వాళ్లు ముడుచుకోక, ఎదుటి పక్కవి ముడుస్తున్నారన్నమాట. అంటే దారిలో ఎక్కడో ఒకచోట రెండూ ఒకదాన్నొకటి దాటాలి. ఆ దాటే చోటు అరికాలి మధ్యలో, లోపలి వంపు కింద. ఎన్ఏడీ ఫ్లైఓవర్ దగ్గర రెండు దారులు ఒకదాని మీద ఒకటి దాటినట్టు, చర్మం వైపు ఎఫ్‌డీఎల్, ఎముక వైపు బొటనవేలి టెండన్. ఐరిష్ సర్జన్ ఆర్నాల్డ్ హెన్రీ పేరు మీద ఆ కూడలిని హెన్రీ ముడి అంటారు.

ముడి అనడం కూడా సబబే. చాలామందిలో అక్కడ బొటనవేలి టెండన్ నుంచి ఒక పాయ ఎఫ్‌డీఎల్‌లో కలుస్తుంది. మీ బొటనవేలు ఒక్కదాన్నే గట్టిగా ముడవడానికి ప్రయత్నించండి. రెండో వేలు కూడా కాస్త వంగితే ఆ పాయ పనే కావచ్చు. ఒక టెండన్ తెగినా వేళ్లు పూర్తిగా చచ్చుబడకపోవడానికి ఇదొక కారణం. టిబియాలిస్ పోస్టీరియర్ దెబ్బతిని పాదం వంపు కూలిపోయినవాళ్లకి సర్జన్లు ఎఫ్‌డీఎల్ టెండన్‌ని తీసి దాని స్థానంలో వాడగలిగేది కూడా, ఈ వేళ్లకి అలాంటి అండ ఉందన్న ధైర్యంతోనే.

అరికాలిలోకి రాకముందు ఇంకో మలుపు ఉంది. చీలమండ లోపలి గుబ్బ వెనక పల్లంలో రెండు వేళ్లు ఆనించండి. ముందు నాడి కోసం వెతకండి, నెమ్మదిగా కొట్టుకుంటూ దొరుకుతుంది. అది పోస్టీరియర్ టిబియల్ ధమని. ఇప్పుడు వేళ్లు కదపకుండా, కాలివేళ్లను ముడిచి వదలండి, ముడిచి వదలండి. నాడికి కొంచెం ముందు, గుబ్బ వైపు ఒక తాడు బిగుసుకుని జారడం తెలుస్తుంది. అదే ఎఫ్‌డీఎల్. గుబ్బను ఆనుకుని ముందు టిబియాలిస్ పోస్టీరియర్, ఆ వెనక ఎఫ్‌డీఎల్, తర్వాత ధమని, సిరలు, తర్వాత టిబియల్ నరం, అన్నిటికంటే వెనక లోతుగా బొటనవేలి టెండన్. 1923లో మొదలైన మన ఆంధ్ర మెడికల్ కాలేజీలో ఎన్ని తరాల విద్యార్థులు ఈ వరుసని బట్టీ పట్టి ఉంటారో. మనం తెలుగులో నెర్వ్‌నీ, రక్తనాళాన్నీ, టెండన్‌నీ మూడింటినీ నరమనే అంటాం. ఆ మూడూ పక్కపక్కనే సర్దుకుని వెళ్లే సొరంగం ఇది. "నరం పట్టేసింది" అని ఎవరైనా ఇక్కడ చూపిస్తే మూడింటిలో ఏ నరమో తేల్చుకోవాల్సిన బాధ్యత వినేవాళ్లది.

గుబ్బ చుట్టూ తిరిగి వచ్చిన తాడు అరికాలిలో ఏటవాలుగా, లోపలి నుంచి బయటికి వెళ్తుంది. అది ఒక్కటే లాగితే వేళ్లు తిన్నగా ముడుచుకోవు, బొటనవేలి వైపు ఒరుగుతూ ముడుచుకుంటాయి. అలా జరగకుండా మడమ ఎముక నుంచి క్వాడ్రేటస్ ప్లాంటే అనే కండరం వచ్చి ఆ తాడును వెనక్కి పట్టి లాగుతుంది. ఒడ్డున అలివి వల లాగడం చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రెండు జట్లు దూరదూరంగా నిలబడి చెరో తాడూ లాగితే వల ఎటూ ఒరగకుండా మధ్యలోకి తిన్నగా వస్తుంది. ఒక జట్టు చేతులు వదిలేస్తే వల ఓ పక్కకి తిరిగిపోతుంది.

తర్వాత ఆ తాడు నాలుగు పాయలవుతుంది. లుంబ్రికల్స్ అనే నాలుగు సన్నటి కండరాలు ఈ పాయల నుంచే పుడతాయి. ఒక్కో పాయ ఒక్కో వేలిలోకి వెళ్లాక నాకెప్పుడూ ముచ్చటేసే చిన్న ఏర్పాటు ఒకటుంది. మడమ నుంచి వచ్చే పొట్టి కండరం, ఫ్లెక్సర్ డిజిటోరమ్ బ్రెవిస్, తన టెండన్‌ని రెండుగా చీల్చి వేలి నడిమి ఎముకకి అటూ ఇటూ అతుక్కుంటుంది. ఆ చీలికలోంచి, సూది బెజ్జంలో దారంలా దూరి, ఎఫ్‌డీఎల్ చివరి ఎముక దాకా వెళ్తుంది.

ఎఫ్‌డీఎల్ బలం చూసే పరీక్ష మొత్తం ఈ ఏర్పాటు మీదే ఆధారపడి ఉంది. వేలి మొదట్లోని కీలుని వంచేవి లుంబ్రికల్స్, ఇతర చిన్న కండరాలు. నడిమి కణుపుని వంచేది ముఖ్యంగా పొట్టి కండరం. చివరి కణుపు దాకా చేరేది మాత్రం ఎఫ్‌డీఎల్ ఒక్కటే, క్వాడ్రేటస్ సాయంతో. కాబట్టి "వేళ్లు ముడవండి" అని చెప్పి, ముడుచుకున్నాయి కదా అని బలం బాగుందని రాసేస్తే అది పొట్టి కండరం బలమో, చిన్న కండరాల బలమో, ఎఫ్‌డీఎల్ బలమో తెలియదు. గోరున్న ఆ చివరి ముక్క వంగుతోందా లేదా అన్నదే ప్రశ్న.

పరీక్ష ఇలా. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కింద దిండు పెట్టి కాస్త వంచుతాం. ఎఫ్‌డీఎల్ మోకాలిని దాటదు కదా, మోకాలితో ఏం పని అని అడగొచ్చు. మోకాలిని దాటేది గ్యాస్ట్రాక్‌నీమియస్. అది బిగుతుగా ఉన్నవాళ్లకి మోకాలు చాచి ఉంటే పాదం లంబంగా నిలవదు, కిందికి దిగిపోతుంది. మోకాలు వంచితే అది వదులై చీలమండ మన మాట వింటుంది. ఒక చేత్తో పాదం మధ్య ఎముకల్ని కదలకుండా పట్టుకుని, చీలమండని అటు పైకీ ఇటు కిందికీ పోకుండా నిలపాలి. రెండో చేతి వేళ్లు ఆ నాలుగు కాలివేళ్ల చివరి ముక్కల కింద ఆనించాలి. వేళ్ల చివర్లు ముడిచి ఉంచమని చెప్పి, వాటిని చాచే వైపు మెల్లగా నెట్టాలి.

చీలమండ అలా నిలపడం ఎందుకో నేను చదువుకునే రోజుల్లో తప్పు చేసి నేర్చుకున్నాను. మంచం చివర పాదం వేలాడుతూ కిందికి దిగి ఉండగానే పరీక్ష చేసి, ఎదురు నెడితే వేళ్లు నిలవలేదని బలహీనం అని రాశాను. మా మేడమ్ ఏమీ అనకుండా పాదాన్ని లంబంగా పట్టుకుని మళ్లీ ముడవమన్నారు. అవే వేళ్లు ఆమె వేలిని గట్టిగా పట్టేసుకున్నాయి. పాదం కిందికి దిగినప్పుడు తాడు ముందే వదులైపోతుంది, కండరం ఎంత కుంచించుకున్నా లాగడానికి ఏమీ మిగలదు. మీ మణికట్టుని పూర్తిగా లోపలికి వంచి పిడికిలి బిగించడానికి ప్రయత్నించండి, ఎంత బలవంతుడికైనా పిడికిలి బిగుసుకోదు. ఆరోగ్యంగా ఉన్న కాలికి నేను లేని జబ్బు రాశాను. ఆ తర్వాత ఏ కాలి పరీక్ష చేసినా మొదట నా ఎడమచెయ్యి ఎక్కడుందో చూసుకుంటాను.

దీనికి వ్యతిరేకంగా కూడా మోసపోవచ్చు. పాదాన్ని మరీ పైకి నెట్టి పట్టుకుంటే తాడు సాగి, కండరం పని చేయకపోయినా వేళ్లు వాటంతటవే కాస్త ముడుచుకుంటాయి. ఇంకొకటి, కొందరు వేళ్లని ముందు పైకి బాగా ఎత్తి ఒక్కసారిగా వదిలేస్తారు. అవి కిందికి పడి ముడుచుకున్నట్టే కనిపిస్తాయి. అనుమానం వస్తే చీలమండ వెనక ఆ తాడు మీద వేలు పెట్టి చూడాలి. బిగిస్తే నిజం.

కండరం బలానికి అంకెలు వేసే పద్ధతి వెనక పెద్ద చరిత్రే ఉంది. పోలియో వచ్చిన పిల్లల కండరాలను ఒక్కొక్కటిగా పరీక్షించే పద్ధతిని బోస్టన్‌లో రాబర్ట్ లోవెట్ దగ్గర పని చేసిన విల్హెల్మైన్ రైట్ 1912లో ప్రచురించారు. ఇప్పుడు మనం వాడే 0 నుంచి 5 స్కేలు రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, నరాల గాయాల కోసం బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఇచ్చినది. పెద్ద కండరాలకి అందులో గురుత్వాకర్షణకు ఎదురుగా కదిలిందా అన్నది ముఖ్యం. కాలివేలి బరువెంత, అందుకే ఇక్కడ దాన్ని లెక్కలోకి తీసుకోం. ఎదురు నెట్టినా గట్టిగా నిలిస్తే 5, కాస్త నెడితే నిలిచి గట్టిగా నెడితే వదిలేస్తే 4, ఎదురు లేకుండా పూర్తిగా ముడిస్తే 3, సగంలో ఆగితే 2, కదలిక లేకుండా తాడు మాత్రం బిగిస్తే 1, అదీ లేకపోతే 0. నా అనుభవంలో 4కీ 5కీ మధ్య తేడా చాలావరకు పరీక్షించే వేలి బలం మీద ఆధారపడుతుంది. పెద్దమనిషి చెయ్యి ఎవరి కాలివేలినైనా ఓడించగలదు. అందుకే ముందు బాగున్న కాలిని చూసి, అదే ఒత్తిడితో రెండో కాలిని చూడాలి.

చిటికెన వేలి దగ్గర జాగ్రత్త. చాలామందికి ఆ వేలి చివరి రెండు ఎముకలు పుట్టుకతోనే అతుక్కుని ఒకటిగా ఉంటాయి. అక్కడ వంగడానికి కణుపే లేదు. అది కదల్లేదని బలహీనం అని రాయకూడదు.

ఇంతకీ ఈ కండరం రోజంతా ఏం చేస్తుంది? గాల్లో వేళ్లు ముడుచుకోవడం దాని అసలు పని కాదు. అడుగు వేసి మడమ లేచేటప్పుడు వేలి చివర్లను నేలకి అదిమి పెట్టడం, పాదం లోపలికి వాలిపోకుండా కాసుకోవడం దాని పని. ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీద నడిచి వెనక్కి తిరిగి చూస్తే, అడుగు ముద్రలో వేలి చివర్లు మిగతా పాదం కంటే లోతుగా దిగి కనిపిస్తాయి. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల్ని వేళ్లతో పట్టుకుని దాన్ని కదుపుతూ నర్తించే పాదంలో ఈ పొడుగు కండరాలు రెండూ పని చేయకుండా ఆ పట్టు రాదు. హవాయి చెప్పు కాలి నుంచి జారకుండా ఉండేదీ ఈ పట్టు వల్లే.

షుగర్ ఉన్నవాళ్లు వస్తే నేను చెప్పు తిరగేసి లోపలి వైపు చూస్తాను. వేలి చివర్లు ఆనే చోట నాలుగు గుంటలు లోతుగా పడి ఉంటే సగం కథ తెలిసిపోయినట్టే. షుగర్ వల్ల నరాలు దెబ్బతినేది పొడుగైన చివర్ల నుంచి. పాదంలోని చిన్న కండరాలు ముందు చిక్కిపోతాయి. ఎఫ్‌డీఎల్‌కి నరం పిక్కలో పైనే అందుతుంది కాబట్టి అది బలంగానే మిగులుతుంది. వేళ్లని తిన్నగా ఉంచే చిన్న కండరాలు పోయి, చివర్లని ముడిచేది మాత్రం మిగిలితే, వేళ్లు కొంకి తిరిగిపోతాయి. ఇక ప్రతి అడుగూ వేలి కొసల మీదే. స్పర్శ ఉండదు కాబట్టి అక్కడ పుండు పడినా తెలియదు. ఇలాంటి పుండు మానడానికి కొన్నిసార్లు సర్జన్లు వేలి కింద చిన్న కోతతో ఈ టెండన్‌నే వదులు చేస్తారు. బలంగా ఉన్నదాన్ని కావాలని కోస్తారా అని రోగులు కంగారు పడతారు. ఆ పాదంలో హాని చేస్తున్నది ఆ బలమే అని ఓపిగ్గా చెప్పాలి.

పక్షవాతం వచ్చినవాళ్లలో నిలబడగానే వేళ్లు చెప్పులోకి ముడుచుకుపోయి నొప్పి పెట్టడానికి కూడా ఇది బిగుసుకోవడమే ఓ కారణం. అక్కడ అంకెలు వేయడం వల్ల పెద్దగా తెలిసేదేమీ లేదు, ఎంత బిగుసుకుంది అన్నదే చూడాలి. టిబియా విరిగి అతుక్కున్నాక కొందరికి పాదం పైకి ఎత్తితే వేళ్లు ముడుచుకుంటాయి, పాదం దించితే చాచుకుంటాయి. అంటే తాడు పైన పిక్కలో, విరిగిన చోట ఎక్కడో ఇరుక్కుంది. వేళ్లకి వ్యాయామాలు చేయించి ఏం లాభం?

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. హైవే మీద బైక్ ప్రమాదంలో కాలు విరిగినవాళ్లకి గంటలు గడిచేకొద్దీ నొప్పి పెరుగుతూ, మందులకి లొంగకపోతే, కాలివేళ్లని మెల్లగా పైకి చాచి చూడండి. పిక్క లోపల భరించలేని నొప్పి వస్తే అది అత్యవసరం. నేను ముందు చెప్పిన సాగని గోడల గదిలో వాపు పెరిగి, రక్తం అందక, కండరాలు చచ్చిపోతున్నాయన్నమాట. విరిగినప్పుడు నొప్పి ఉండదా అని సరిపెట్టుకోకూడదు. బిగుతైన కట్టు ఉంటే వెంటనే విప్పించాలి, ఆసుపత్రిలో ఆ గదుల పొరల్ని కోసి ఒత్తిడి తీస్తారు. కొన్ని గంటలు ఆలస్యమైతే ఆ కండరం ఇక తిరిగి రాదు. చీలమండ దగ్గర నాడి బాగానే కొట్టుకుంటూ ఉండొచ్చు, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

గిరిప్రదక్షిణ చేసి వచ్చిన ఆయన దగ్గరికి వస్తే, చిటికెన వేలు తప్ప మిగతా మూడు వేళ్ల చివర్లూ నా వేలిని గట్టిగానే పట్టుకున్నాయి. 5. కానీ నెట్టిన ప్రతిసారీ ఎముక అంచున అదే నొప్పి. బలం ఉండి నొప్పి వస్తే కండరంలోనో, అది ఎముకకి అతుక్కునే చోటో చిన్న దెబ్బ ఉందని, బలం లేక నొప్పి కూడా లేకపోతే నరమో, తెగిన టెండనో అని బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ నేర్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తోంది. తర్వాత ఎముక అంచు వెంబడి బొటనవేలితో నొక్కుతూ పోయాను. నొప్పి ఐదారు సెంటీమీటర్ల పొడవునా పరుచుకుని ఉంది. అదే ఒక్క చుక్క దగ్గర, నొక్కితే ఎగిరిపడేలా ఉంటే ఎముకలో సన్నటి పగులుందేమోనని అనుమానించేవాడిని. అలాంటి పగులు మొదటి రోజుల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా.

ఎప్పుడూ నడవని మనిషి ఒక్క రాత్రి 32 కిలోమీటర్లు వట్టి పాదాలతో తారు మీద నడిస్తే, సోలియస్, ఎఫ్‌డీఎల్ రెండూ ఎముక పొరని అడుగడుగునా లాగాయి. కొన్నాళ్లు నడక తగ్గించమన్నాను, ఐస్ పెట్టమన్నాను, మెత్తటి చెప్పులు వేసుకోమన్నాను. నొప్పి తగ్గేకొద్దీ కింద పరిచిన తువ్వాలుని కాలివేళ్లతో దగ్గరికి లాక్కునే వ్యాయామం, మడమలు ఎత్తి దించే వ్యాయామం నేర్పాను. "వచ్చే ఏడు కూడా నడవాలండీ, మొక్కు" అన్నారు. నడవండి, కానీ ఉగాది నుంచే రోజూ కొంత నడవడం మొదలుపెట్టండి అన్నాను.

మూడు వారాల తర్వాత వచ్చినప్పుడు మళ్లీ అదే మంచం, మోకాలి కింద అదే దిండు. నాలుగు వేళ్ల చివర్ల కింద వేళ్లు పెట్టి నెట్టాను. పైన ఎముక దగ్గర ఏమీ లాగలేదన్నారు. రెండు కాళ్ల చిటికెన వేళ్లూ చివర వంగలేదు. అవి ఆయనకి పుట్టినప్పటి నుంచీ అంతే.